ఎన్నారై సందేహాలు: బ్లాడర్ జారింది, ఇండియా వెళ్ళి సర్జరీ చేయించుకోవాలా?

ప్రశ్న: డాలస్ వచ్చి ఏడాది దాటింది. రెండో కాన్పు ఇక్కడే, బాబు మార్చిలో పుట్టాడు. సాయంత్రమయ్యేసరికి కింద ఏదో జారినట్టు, బరువుగా ఉంటోంది. డాక్టరు చూసి బ్లాడర్, అంటే మూత్రసంచి, కిందికి దిగింది, రెండో స్టేజి అన్నారు. సర్జరీకి ఇక్కడ ఎంతవుతుందోనని భయం. మావారిది కాంట్రాక్టు ఉద్యోగం. విజయవాడ వెళ్ళి చేయించుకు రమ్మంటున్నారు అత్తగారు. ఏం చేయమంటారు?

జవాబు: చెల్లీ, నువ్వు అనేస్తున్నా, ఏమీ అనుకోకు. నేను డాక్టర్ని కాను. ఇదే బాధతో రెండు దేశాల్లోనూ డబ్బు పోసి, చివరికి బాగుపడ్డదాన్ని. నీ ఉత్తరంలో బాధ గురించి రెండు ముక్కలు, డబ్బు గురించి నాలుగు ముక్కలు ఉన్నాయి. నేనూ అప్పట్లో అంతే. ఇప్పటికీ అంతేనని మావారు అంటారు.

నా రెండో కాన్పయ్యాక ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి మెత్తగా ఏదో తగిలింది. క్యాన్సరేమోనని వణికిపోయాను. ఎవరికీ చెప్పలేదు. భయం ఒక ఎత్తు, డాక్టర్ దగ్గరికెళ్తే బిల్లు ఎంతొస్తుందోనన్న బెంగ ఇంకో ఎత్తు. అప్పుడు మాది నెలకి తక్కువ కట్టే ఇన్సూరెన్స్ ప్లాను, డిడక్టిబుల్, అంటే వాళ్ళు ఇవ్వడం మొదలుపెట్టే ముందు మన జేబులోంచి కట్టాల్సింది, మాత్రం చాంతాడంత. చివరికి ఫోన్లో అమ్మకి చెప్తే, 'గర్భసంచి జారుంటుందే, తీయించేసుకుంటే పోతుంది' అంది. మన వైపు ఆడవాళ్ళకి ఏ బాధ వచ్చినా ఇదే మందు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడు, యాభై ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర అయితే మన రెండు రాష్ట్రాల్లో 8, 9 శాతం ఉన్నారు.

వేసవి సెలవుల్లో ఊరెళ్ళాను. అక్కడి నర్సింగ్ హోమ్‌లో చెప్పిన రేటు వినగానే డాలర్లలోకి మార్చి చూసుకుని ఎగిరి గంతేశాను. ఇంకేం అడగలేదు. అసలు జారిందేమిటి, గర్భసంచా, బ్లాడరా, వెనక పేగు గోడా అని నేనడగలేదు, వాళ్ళూ చెప్పలేదు. గర్భసంచి తీసేశారు. జారింది మాత్రం ప్రధానంగా బ్లాడరు. ఈ అవయవాలన్నిటినీ పట్టి ఉంచేది అడుగున ఉండే కండరాలు, పక్కన పట్టీల్లా ఉండే లిగమెంట్లు. అవి వదులైతే పైనున్నది దిగుతుంది. పాపం గర్భసంచి తప్పేం లేదు. దాన్ని తీసేసి, యోని పై భాగాన్ని దేనికీ గట్టిగా కట్టకుండా వదిలేస్తే, కొన్నాళ్ళకి ఆ పై భాగమే దిగిపోవచ్చు.

సెలవులు అయిపోతున్నాయని కుట్లు పూర్తిగా మానకముందే విమానం ఎక్కాను. అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుందని కూడా అప్పుడు తెలీదు. డాలస్ ఎయిర్‌పోర్టు డీఎఫ్‌డబ్ల్యూలో మావారు కారు పార్కింగ్‌లో ఉండగా, ఆవకాయా, కందిపొడీ, అప్పడాలూ కుక్కిన 23 కిలోల సూట్‌కేసుల్ని బెల్టు మీంచి నేనే లాగి దించాను. ఎవరినైనా సాయం అడగొచ్చు కదా? కార్టుకి డబ్బులెందుకు దండగ అనుకునే మనిషి సాయం ఏం అడుగుతుంది! సూట్‌కేసుల వల్లే మళ్ళీ జారిందని ఏ డాక్టరూ రాసివ్వలేదు గానీ, కొన్నేళ్ళకి మళ్ళీ మొదటికొచ్చింది.

అప్పుడిక్కడ యూరోగైనకాలజిస్ట్, అంటే ఇలా జారే సమస్యలు చూసే ఆడవాళ్ళ స్పెషలిస్టు, దగ్గరికెళ్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: 'అక్కడ ఏం చేశారో ఆపరేషన్ నోట్సు ఉందా?' నా దగ్గరున్నది డిశ్చార్జి కాగితం. దాని మీద మందుల పేర్లు, బెడ్ నంబరు తప్ప ఏమీ లేవు. ఏ కుట్టు ఎక్కడ వేశారో తెలీక పరీక్షలన్నీ మొదట్నుంచి చేశారు. ఇండియాలో మిగిలిందనుకున్న డబ్బు, వడ్డీతో సహా ఆ పరీక్షలకే పోయింది. మీ అత్తగారి మాట విని నువ్వు వెళ్తానంటే వెళ్ళు, అక్కడ మంచి డాక్టర్లు లేరని కాదు, చాలామంది ఉన్నారు. కానీ ఆపరేషన్ నోట్సు చేతికి రాకుండా ఆస్పత్రి గడప దాటకు. చేసిన డాక్టరే ఆరు వారాలకి మళ్ళీ చూసేదాకా తిరుగు టికెట్ పెట్టుకోకు. ఇక్కడి ప్లాన్లు ఇండియాలో ముందే అనుకుని చేయించుకునే సర్జరీకి సాధారణంగా పైసా ఇవ్వవు. వీసా స్టాంపింగ్ సంగతి మీ లాయర్‌ని అడుగు, ఆ టెన్షన్ నాకొద్దు.

సరే, నీ సంగతి. రెండో స్టేజి అంటే జారిన భాగం యోని ద్వారానికి ఒక సెంటీమీటరు లోపలా బయటా, ఆ మధ్యలో ఉందన్నమాట. ఇది క్యాన్సర్ కాదు, ఎమర్జెన్సీ కాదు. మూత్రం బొత్తిగా రాకపోయినా, రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా మాత్రం ఆగకు. నీకు కాన్పై ఏడు నెలలే. పాలిస్తున్నంత కాలం ఈస్ట్రోజెన్ అనే హార్మోను తక్కువుండి కింద పలచగా, పొడిగా, వదులుగా అనిపిస్తుంది. నెలలు గడిచేకొద్దీ కాస్త సర్దుకోవడమూ ఉంది. ఇంకో బిడ్డ కావాలనుకుంటే, ఆ కాన్పు అయ్యేదాకా సర్జరీ ఆపమనే ఎక్కువమంది డాక్టర్లు చెప్తారు.

ఈలోగా చేయాల్సినవి రెండు. ఒకటి, పెల్విక్ ఫ్లోర్ ఫిజికల్ థెరపీ, అంటే ఆ అడుగు కండరాలకి థెరపిస్ట్ దగ్గర నేర్చుకునే వ్యాయామం. మీ కాలం పిల్లలు యూట్యూబ్ చూసి కీగెల్స్, అదే ఆ కండరాలు బిగించి వదలడం, చేసేసి, నెల రోజుల్లో లాభం లేదని మానేస్తారు. నేను ఏ యూట్యూబూ లేని రోజుల్లోనే తప్పుగా చేశాను. ఊపిరి బిగబట్టి కిందికి ముక్కేదాన్ని. బిగించాల్సింది పైకి, లోపలికి. థెరపిస్ట్ చేయి పెట్టి చూసి చెప్పేదాకా ఆ తేడా నాకు తెలీలేదు. మూడు నాలుగు నెలలు పట్టుబట్టి చేయాలి. మలబద్ధకం రానివ్వకు, ముక్కడం దీనికి పరమ శత్రువు.

రెండోది పెసరీ. పేరు విని జడుసుకోకు, సిలికాన్ రింగు అది, చేతి గాజంత ఉంటుంది. లోపల పెట్టుకుంటే జారినదాన్ని పైకి పట్టి ఉంచుతుంది. సైజు కుదరడమే కష్టం. నాకు మొదటిది పెట్టి, నీళ్ళు తాగించి, కారిడార్లో నడవమన్నారు, దగ్గమన్నారు, టాయిలెట్‌కి వెళ్ళి రమ్మన్నారు. టాయిలెట్లో దగ్గానో లేదో రింగు టప్పున జారి పడింది. నేను ఏడుపు మొహంతో బయటికొస్తే నర్సు నవ్వి, 'దీనికే కదా వెళ్ళి రమ్మన్నది' అని ఇంకో సైజు తెచ్చింది. అది నిలబడింది. కొంగు దోపుకుని ఇల్లంతా ఊడ్చినా కదల్లేదు. రాత్రి తీసి సబ్బుతో కడిగి, పొద్దున పెట్టుకునేదాన్ని. తీసి పెట్టుకోవడం రానివాళ్ళు కొన్ని నెలలకొకసారి క్లినిక్‌లో మార్పించుకుంటారు. కొన్నేళ్ళు దాంతోనే హాయిగా గడిపాను. ఏళ్ళ తరబడి దాంతోనే బండి లాగించేవాళ్ళూ ఉన్నారు.

ఇక అసలు విషయం, డబ్బు. బాబు మార్చిలో పుట్టాడన్నావు. మీ ప్లాను జనవరి నుంచి డిసెంబరుదైతే కాన్పు బిల్లుతోనే నీ డిడక్టిబుల్ నిండిపోయుంటుంది. అవుట్ ఆఫ్ పాకెట్ గరిష్ఠం, అంటే ఏడాది మొత్తం మీద నీ జేబులోంచి పోయేదానికి హద్దు, దాని దగ్గరికి కూడా వచ్చేసుండొచ్చు. 2025లో ఒక మనిషికి చట్టం పెట్టిన పై హద్దు 9,200 డాలర్లు, ఏటా మారుతుంది. అంటే ఈ డిసెంబరు 31 లోపు థెరపీ, పెసరీ, పరీక్షలు నీకు చవగ్గా పడతాయి. జనవరి ఒకటిన మీటరు మళ్ళీ సున్నా నుంచి తిరుగుతుంది. నేను ఈ సంగతి తెలీక పరీక్షలు డిసెంబరులో, సర్జరీ ఫిబ్రవరిలో పెట్టుకుని రెండేళ్ళ డిడక్టిబుల్ కట్టాను. ఆ సంవత్సరం పండక్కి పిల్లలకి బట్టలు కూడా కొనలేదు. కొన్ని ప్లాన్లలో థెరపీకి ఏడాదికి ఇన్నిసార్లే అని లెక్కుంటుంది, అదీ చూసుకో.

అలాగని డిడక్టిబుల్ నిండింది కదా, పనిలో పనిగా సర్జరీ కూడా లాగించేద్దాం అనుకోకు. ఈ మాట చెప్పడం నాకెంత కష్టమో మావారికే తెలుసు.

ముందుముందు సర్జరీ దాకా వస్తే, డాక్టర్ని అడగాల్సింది ఇది: ఏ గోడ జారింది, పై భాగాన్ని దేనికి కడతారు, గర్భసంచి ఉంచి చేయొచ్చా. ఉంచి చేసే పద్ధతులూ ఉన్నాయి. మెష్, అంటే జారినదాన్ని పట్టి ఉంచడానికి లోపల పెట్టే వల, దాని గురించి వాట్సాప్ ఫార్వర్డ్ చూసి బెదరకు. యోని గుండా పెట్టే మెష్‌ని ఈ సమస్యకి అమ్మకుండా 2019 ఏప్రిల్‌లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆపించింది. పొట్ట వైపు నుంచి లాప్రోస్కోపీతో, అంటే చిన్న గాట్లతో, పెట్టి వెన్ను అడుగున ఉండే త్రికాస్థి ఎముకకి కట్టేది వేరు, అది ఇప్పటికీ వాడుతున్నారు. నాకు చేసింది అదే. ఏది చేసినా మళ్ళీ జారే అవకాశం కొంత ఉంటుంది. ఈ డాక్టరు నెలకి ఇలాంటివి ఎన్ని చేస్తారని అడగడానికి మొహమాటపడకు.

బిల్లు ఒకటే వస్తుందనుకోకు. సర్జన్‌ది వేరు, ఆస్పత్రిది వేరు, మత్తు డాక్టరుది వేరు, ల్యాబుది వేరు. అన్నీ ఇన్-నెట్‌వర్కేనా, అంటే మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవాళ్ళేనా అని ముందే అడుగు. సర్జన్ ఆఫీసు నుంచి సీపీటీ కోడ్లు, అంటే ఒక్కో చికిత్సకీ బిల్లులో వేసే నంబర్లు, తీసుకో, బ్లాడర్ వైపు గోడ కుట్టడానికైతే 57240. ఆ కోడ్ చెప్పి ఇన్సూరెన్స్ వాళ్ళని అడిగితే నీ వాటా ఎంతో చెప్తారు. కోడ్ లేకుండా అడిగితే గంటసేపు పాట వినిపిస్తారు. లాభాపేక్ష లేని ఆస్పత్రులన్నిటికీ ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ ఉండి తీరాలి, ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు. వాయిదాలు అడిగినా ఇస్తారు. బేరమాడ్డం మనకి కొత్తా?

సర్జరీ తర్వాత మామూలుగా ఆరు వారాలు పది పౌండ్లకి మించి ఎత్తొద్దంటారు. గ్యాలన్ పాల డబ్బా ఒకటి ఎత్తితే నీ కోటా అయిపోయినట్టే. సోనామసూరి బస్తా వంక చూడనే కూడదు. కాపురం సంగతి కూడా డాక్టరు సరేననే దాకా ఆగాలి, మావారికి ఈ ముక్క నర్సు చేతే చెప్పించాను. మరి పిల్లాడిని ఎవరెత్తుతారు? మీవారి కంపెనీలో ఎఫ్‌ఎంఎల్ఏ, అంటే ఇంట్లోవాళ్ళ జబ్బుకి సెలవిచ్చే ఇక్కడి చట్టం, వర్తిస్తే జీతం లేని సెలవు దొరుకుతుంది, ఏడాది సర్వీసు ఉండాలి, మిగతా షరతులు హెచ్ఆర్‌లో కనుక్కోండి. లేదంటే మీ అమ్మగారు రావాలి. ఆవిడ టికెట్టూ, విజిటర్ ఇన్సూరెన్సూ సర్జరీ ఖర్చు కిందే రాసుకో. అప్పుడు గానీ విజయవాడ చవకా, డాలస్ చవకా అన్న లెక్క తేలదు.

ప్రస్తుతానికి సోమవారం పొద్దున్నే ఇన్సూరెన్స్ కార్డు వెనకున్న నంబరుకి ఫోన్ చెయ్యి. డిడక్టిబుల్ ఎంత నిండింది, పెల్విక్ థెరపీ ఏడాదికి ఎన్నిసార్లు, పెసరీ అమర్చడానికి 57160 కోడ్ కవరవుతుందా అని అడుగు. ఫోన్ పెట్టేసేముందు మాట్లాడినవాళ్ళ పేరు, కాల్ రిఫరెన్స్ నంబరు రాసుకో. రేపు బిల్లు తేడాగా వస్తే అవే పనికొస్తాయి.