గ్రీకు కథ మీద రాసిన కవితలు: ఒకరివి ఒకరం ఎలా చదువుకున్నాం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ముగ్గురు మిత్రులు ఆర్ఫియస్, యూరిడిసి కథ మీద తలా ఒక కవిత రాశారు. (పాము కాటుకు పోయిన భార్య యూరిడిసి కోసం గాయకుడు ఆర్ఫియస్ పాతాళానికి వెళతాడు. పాట పాడి ఆమెను అడిగి తెచ్చుకుంటూ, పైకి చేరేదాకా వెనక్కి చూడొద్దన్న షరతు తప్పి, రెండోసారి పోగొట్టుకుంటాడు.) ఒకరివి ఒకరు చదివి చెప్పుకుందామని కూర్చుంటే ‘బాగుంది’, ‘ఇంకాస్త చిక్కగా ఉండాల్సింది’ తప్ప మాట పెగలడం లేదు. పైగా ఒకరు నొచ్చుకున్నారు. ఎలా చెప్పుకోవాలి అని అడిగారు.

ఇదే కథ మీద మేం నలుగురం కొన్ని నెలలపాటు కవితలు రాసి ఇచ్చిపుచ్చుకున్నాం. అప్పుడు నేను చేసిన తప్పుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది మీలోనూ ఎవరో ఒకరు చేసే అవకాశం ఉంది.

మా మిత్రురాలి కవితలో పాతాళం నుంచి పైకి వచ్చే దారి పొడుగునా యూరిడిసి మాట్లాడుతూనే ఉంటుంది. నేను అప్పుడే రోమన్ కవి ఓవిడ్‌ని చదివి ఉన్నాను. ఆయన మెటమార్ఫొసెస్ పదో భాగంలో ఆమె దారిలో నోరు విప్పదు. రెండోసారి చనిపోతూ అతని చెవికి అందీ అందనట్టు ఒక్క ‘సెలవు’ చెబుతుంది, అంతే. నేను అదే మార్జిన్లో రాసి, ‘సరిచూసుకోండి’ అని కూడా చేర్చాను. వారం తర్వాత ఆమె నుంచి ఒకే వాక్యం జవాబుగా వచ్చింది: ‘వర్జిల్ దగ్గర మాట్లాడుతుంది కదండీ, అది చూశారా?’

చూడలేదు. వెళ్లి చదివాను. ఇంకో రోమన్ కవి వర్జిల్ రాసిన జార్జిక్స్ నాలుగో భాగంలో యూరిడిసి స్పష్టంగా మాట్లాడుతుంది. మన ఇద్దరినీ నాశనం చేసిన ఈ పిచ్చి ఏమిటి ఆర్ఫియస్ అని అడుగుతుంది, చుట్టూ చీకటి కమ్ముకుంటుంటే పట్టులేని చేతులు చాస్తుంది. పాము కరిచిన తీరు కూడా ఇద్దరి దగ్గరా ఒకటి కాదు. వర్జిల్‌లో అరిస్టియస్ అనేవాడు వెంటపడితే పారిపోతూ ఆమె పామును చూసుకోదు. ఓవిడ్‌లో ఎవరూ తరమరు, కొత్త పెళ్లికూతురు చెలికత్తెలతో గడ్డిలో నడుస్తుంటే కరుస్తుంది. వర్జిల్ తన కావ్యాన్ని క్రీ.పూ. 29 ప్రాంతంలో ముగించాడు, ఓవిడ్‌ది క్రీ.శ. 8 ప్రాంతానిది. నలభై ఏళ్లు కూడా తేడా లేదు. వర్జిల్ ఆమె చేత భర్తను నిలదీయిస్తే, ఓవిడ్ ఆమె ఏ ఫిర్యాదూ చేయలేదంటాడు. తనను ప్రేమించాడని తప్ప ఏమని ఫిర్యాదు చేస్తుంది అంటాడు. వరసగా చదివితే ఓవిడ్ రాసింది వర్జిల్‌కి జవాబులా వినిపిస్తుంది. అంతకుముందే గ్రీకు తత్వవేత్త ప్లేటో రాసిన ‘సింపోజియం’లో ఒక వక్త ఇంకో మాట అన్నాడు: దేవతలు ఆర్ఫియస్‌కి అసలు భార్యను ఇవ్వనే లేదు, ఒక నీడను చూపించి పంపేశారు, ఎందుకంటే అతను ప్రేమ కోసం చచ్చే తెగువ లేక బతికుండగానే అక్కడికి దూరాడు అని. 1904లో జర్మన్ భాషా కవి రిల్కే రాసిన కవితలోనైతే అతను వెనక్కి తిరిగాడని, ఆమెను నడిపిస్తున్న దేవుడు హెర్మెస్ చెబితే ఆమె ‘ఎవరు?’ అని అడుగుతుంది. చావులో అంతగా మునిగిపోయి ఉంటుంది.

ఇన్ని ఉండగా ‘కథలో ఇలా లేదు’ అనే అభిప్రాయానికి విలువ ఏముంటుంది? మీ ముగ్గురిలో ఎవరికైనా ఆ మాట నోటిదాకా వస్తే, దాన్ని ప్రశ్నగా మార్చుకోండి: ‘మీరు ఇక్కడ మార్చారు. ఆ మార్పు వల్ల మీ కవితలో ఏం జరుగుతోంది?’ నేను మా మిత్రురాలిని అలా అడిగి ఉంటే ఆమెకి ఒక వారం దిగులు తప్పేది. క్షమాపణ చెప్పాను. కానీ ఆ మార్జిన్ మాట వల్ల ఆమె రెండో ప్రతి ఆలస్యమైందన్నది నిజం.

ఇక ‘బాగుంది’ దాటి ఏం చెప్పాలి అన్న విషయం. కవులం కూర్చుంటే మన దగ్గర సిద్ధంగా ఉండే మాటలు కొన్ని ఉన్నాయి. ఎత్తుగడ బాగుంది, ముగింపు తేలిపోయింది, వాచ్యమైపోయింది (అంటే సూచించాల్సింది విప్పి చెప్పేశారు), వచనమైపోయింది. ఇవి తప్పు మాటలేమీ కావు. కానీ ఏ పాదం దగ్గర అన్నది వేలు పెట్టి చూపించకపోతే రాసినవాళ్లకి వీటితో చేసుకునేదేమీ లేదు. మేం పెట్టుకున్న పద్ధతి చాలా చిన్నది. కవితను వెడల్పు మార్జిన్‌తో అచ్చు తీసి ఇచ్చేవాళ్లం. చదువుతూ చదువుతూ మనసు ఆగిన చోట ఒక చుక్క, దారి తప్పిన చోట ఒక గీటు. ముందు అవి మాత్రమే చెప్పాలి. కారణాలు తర్వాత.

అది ఎలా పని చేసిందో ఆ మిత్రురాలి కవితతోనే చూపిస్తాను, ఆమె అనుమతితో. మొదటి ప్రతి ఇలా మొదలైంది:

ఓ గానగంధర్వా, నీ తీగ పలికితే
రాళ్లు కరిగాయి, మృత్యువు తలవంచింది
విధి ఎంత క్రూరమైనది!

ఇలా మూడు చరణాలు. నాలుగో చరణంలో ఎక్కడో మధ్యలో ‘పాము కరిచిన కాలు ఈడ్చుకుంటూనే ఉన్నాను’ అని ఒక పాదం ఉంది. మాలో పెద్దాయన కవిత మొత్తానికి ఒకే ఒక్క చుక్క పెట్టారు, ఆ పాదం పక్కన. కింద ఇలా రాశారు: ‘ఇక్కడ నాకు నొప్పి తెలిసింది. దీనికి ముందు ఎవరి గొంతో తెలియలేదు.’ అంతకుమించి ఒక్క సలహా ఇవ్వలేదు. ఆ పాదానికి మూలం ఓవిడ్‌లోనే ఉంది: ఆర్ఫియస్‌కి అప్పగించడానికి యూరిడిసిని పిలిస్తే ఆమె కొత్తగా వచ్చిన నీడల మధ్య నుంచి గాయం వల్ల మెల్లగా నడుచుకుంటూ వస్తుంది. నేను ఆ వాక్యాన్ని చదివి దాటేశాను. ఆమె దాటలేదు. రెండో ప్రతిలో మూడు చరణాలూ పోయాయి, కవిత ఇలా మొదలైంది:

కొంచెం మెల్లగా నడువు.
పాము కరిచిన కాలు ఇది.
వెనక్కి చూడొద్దని నీకు షరతు పెట్టారు
నాకెవరూ పెట్టలేదు గాని
దారి పొడుగునా నీ వీపే చూస్తున్నాను.

‘విధి ఎంత క్రూరమైనది’ వాచ్యం, తీసేయండి అని మనం చెప్పొచ్చు. చెబితే ఆమె తీసేసేది కూడా. కానీ దాని బదులు ఏం రాయాలో తెలిసేది కాదు. ఉన్నవాటిలో ఏది బతికి ఉందో పెద్దాయన చూపించడం వల్ల దారి దొరికింది. అందుకే నేను ఇప్పుడు ఎవరి కవిత చదివినా ముందు చుక్క పెట్టే చోటు కోసమే వెతుకుతాను.

ఈ కథ మీద తెలుగులో రాస్తున్నప్పుడు మాటల దగ్గర ఇంకో చిక్కు వస్తుంది. మా చర్చల్లో ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. ఆర్ఫియస్ వాయించే లైర్ అనే తీగవాద్యాన్ని మాలో ఇద్దరం ‘వీణ’ అని రాశాం. వీణ అనగానే వెనకే సరస్వతి వస్తుంది, తెల్లచీర వస్తుంది, కచేరీ వస్తుంది. లైర్ వేరు. గ్రీకుల కథలో దాన్ని హెర్మెస్ పసివాడిగా ఉన్నప్పుడు తాబేటి చిప్పకి గొర్రె పేగు తీగలు బిగించి తయారు చేశాడు. చచ్చిన జంతువుల్లోంచి పాట పుట్టిందన్నమాట. చావు దగ్గరికి వెళ్లే కథకి ఇంతకన్నా దగ్గరైన వస్తువు ఏముంటుంది? మాలో ఒకరు ‘వీణ’ కొట్టేసి ‘తాబేటి చిప్ప మీద పేగులు బిగించి’ అని రాశారు, కవిత రంగే మారిపోయింది. చనిపోయినవాళ్ల లోకాన్ని ఏలే హేడీస్‌ని యముడు అంటే దున్నపోతు, పాశం, చిత్రగుప్తుడి చిట్టా వరసగా వచ్చి కూర్చుంటాయి. ‘నరకం’ అన్నా తప్పుదారే. హేడీస్ లోకానికి పాపులే కాదు, అందరూ వెళతారు. మేం చాలా తర్జనభర్జన పడి ‘నీడల లోకం’ దగ్గర ఆగాం. మీరు వేరే మాటకి రావచ్చు. కానీ ‘ఈ మాట వెంట ఇంకా ఎవరెవరు వస్తున్నారు?’ అని ఒకరినొకరు తప్పకుండా అడగండి. రాసినవాళ్లకి అది కనపడదు, చదివేవాళ్లకి వెంటనే కనపడుతుంది.

మన కథలతో పోల్చాలనిపించడం సహజం. సావిత్రి అందరికీ గుర్తొస్తుంది. నాకైతే మహాభారతం ఆదిపర్వంలోని రురుడు మరీ దగ్గరగా అనిపించాడు. అతను పెళ్లాడబోయే ప్రమద్వర కూడా పెళ్లికి ముందు పాము కాటుకే పోతుంది, రురుడు తన ఆయుష్షులో సగమిచ్చి బతికించుకుంటాడు. నా మొదటి ప్రతిలో రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి పోలికలు చెబుతూ పోయాను. ‘ఇది వ్యాసం, ఇంకా కవిత కాలేదు’ అన్నారు మా మిత్రులు. గట్టిగానే తగిలింది, కానీ వాళ్లు ఎక్కడ వ్యాసమైందో పాదం పాదం చూపించారు కాబట్టి పని జరిగింది. ఇప్పుడు ఆ కవితలో రురుడి పేరే లేదు. ఆర్ఫియస్ నీడల లోకపు నది రేవులో నిలబడి ‘సగం ఆయుష్షు ఇస్తానన్నా పుచ్చుకునే చెయ్యి ఇక్కడ లేదు’ అనుకునే ఒక్క పాదం మిగిలింది. ప్లేటో దగ్గర అతని మీద వేసిన నింద నాకు ఆ పాదంతో కొంచెం మెత్తబడినట్టుంది.

కథ తెలియని ఒక మనిషికి కూడా కవిత ఇచ్చి చదివించండి. మాలో ఒకరి కవితలో నీడల లోకంలో శిక్ష అనుభవించే సిసిఫస్, టాంటలస్, ఇక్సియన్, అక్కడి కాపలా కుక్క సెర్బెరస్ అందరూ ఉన్నారు. చదివినాయన నిజాయితీగా ‘హాజరుపట్టీ పిలుస్తున్నట్టుంది, ఎవరికి పలకాలో తెలియలేదు’ అన్నారు. ఆర్ఫియస్ పాడుతుంటే నీడల లోకంలో శిక్షలన్నీ ఆగిపోతాయని, ఇక్సియన్‌ని కట్టిన చక్రం నిలిచిపోతుందని, సిసిఫస్ తాను దొర్లించే బండ మీదే కూర్చుంటాడని ఓవిడ్ రాశాడు. మిత్రుడు పేర్లన్నీ తీసేసి ‘రోజూ దొర్లించే బండ మీదే చతికిలబడి విన్నాడొకడు’ అని ఒక్కటి ఉంచాడు. సిసిఫస్ ఎవరో తెలియనివాళ్లకి కూడా ఆ అలసట అందుతుంది. ఫుట్‌నోట్లు పెట్టాలా వద్దా అన్నదాని మీద పెద్దగా చెప్పను. శీర్షికలో పేరు ఉంటే చాలని మాకు తోచింది.

నొచ్చుకున్న మిత్రుడి సంగతి. ఇది జాగ్రత్తగా చెప్పాలి. భార్యను పోగొట్టుకున్నవాడి కథ ఇది. ఎవరైనా దీన్ని ఎంచుకున్నారంటే ఒక్కోసారి గ్రీకు కథ మీద మోజుతో కాదు, తిన్నగా చెప్పుకోలేనిది ఏదో ఉండి. మాలో ఒకరి కవితలో ఆర్ఫియస్ ఇంటికి తిరిగొచ్చి, గుమ్మంలో పక్కకి జరిగి నిలబడతాడు, వెనక వస్తున్న మనిషికి దారి ఇస్తున్నట్టు. మేం ఆ చరణాన్ని ‘బిగువు తగ్గింది’ అన్నాం. ఆయన ఏమీ అనలేదు. ఆయన భార్య పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదని మాకు తర్వాత తెలిసింది. ఆ మాట వెనక్కి తీసుకోలేం. ఆ తర్వాత నుంచి కవిత పంపేటప్పుడే రాసినవాళ్లు ఒక మాట చెప్పాలని పెట్టుకున్నాం: దీన్ని ఇంకా దిద్దాల్సిన ప్రతిగా చదవాలా, ఊరికే వినాలా అని. ‘ఊరికే వినండి’ అంటే చుక్కలూ గీట్లూ ఏమీ ఉండవు, ఒకసారి పైకి చదివి కాసేపు కూర్చుంటాం. ప్రతిగా చదవమన్నా సరే, ‘యూరిడిసి ఇక్కడ’, ‘ఆర్ఫియస్ ఇక్కడ’ అనే మాట్లాడతాం. ‘ఇది మీకే జరిగిందా?’ అని ఎవరమూ అడగం. ముసుగు వేసుకుని వచ్చిన మనిషితో ముసుగు చూసే మాట్లాడడం ఒక మర్యాద అని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీ మిత్రుడితో మీరు ముందు విడిగా మాట్లాడండి, కవిత గురించి కాకుండా.

అభిప్రాయాలు వింటున్నప్పుడు రాసినవాళ్లు వివరణ ఇవ్వకుండా ఉండగలిగితే మంచిది. ‘నా ఉద్దేశం ఏమిటంటే’ అని మొదలుపెట్టగానే ఎదుటివాళ్లు కవితను వదిలేసి మిమ్మల్ని వినడం మొదలుపెడతారు. చెప్పిన ప్రతిదీ పాటించాల్సిన పని కూడా లేదు. మా మిత్రురాలి కవిత చివర ఇలా ఉంది:

తిరిగావు.
ముఖం చూశాను.
చాలు.

ఆ ‘చాలు’ మీద నేను గీటు పెట్టాను. ముఖం చూశాననడంతోనే అయిపోయింది, తర్వాతది వాచ్యం అని. పెద్దాయన ఒప్పుకోలేదు. ‘దారి పొడుగునా వీపు చూసిన మనిషి అడిగిందే ముఖం. ఆ మాట తీసేస్తే ఆమె పోగొట్టుకున్నట్టు ఉంటుంది, ఉంచితే దక్కించుకున్నట్టు ఉంటుంది’ అన్నారు. గంటసేపు వాదించుకున్నాం. ఆమె ఇద్దరి మాటా విని, కాగితం మడిచి పెట్టుకుని, ఆ మాటను ఉంచేసింది. నా ప్రతిలో ఆ గీటు ఇంకా అలాగే ఉంది. మొన్న మళ్లీ తీసి చదివితే పక్కన ఒక చుక్క కూడా పెట్టాలనిపించి పెట్టాను.