పక్కింటివాళ్ల చొరవ, బంధువుల అవసరాలు: నొప్పించకుండా కాదని ఎలా చెప్పాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: పక్కింటావిడ చెప్పాపెట్టకుండా వచ్చేస్తున్నారు, అన్నిట్లో కలగజేసుకుంటున్నారు. ఇంకోపక్క దగ్గరి బంధువు ఒకరు డబ్బుకీ, ఓదార్పుకీ మీమీదే ఆధారపడ్డారు. కాదంటే బాధపడతారు, సరేనంటే మీకు ఊపిరాడటం లేదు. నేను ఈ రెండూ ఒకేసారి నాలుగేళ్లు పడ్డాను.

మా ఇంట్లో ఇదంతా ఒక తాళంచెవితో మొదలైంది. ఊరెళ్తూ, మొక్కలకి నీళ్లు పోయమని పక్కింటి ఆంటీకి ఇచ్చాం. తిరిగి తీసుకోలేదు. మొదట్లో మేం లేనప్పుడు వచ్చిన కొరియర్ లోపల పెట్టేవారు, మంచిదేగా అనుకున్నాం. కొన్నాళ్లకి మేం ఇంట్లో ఉండగానే తలుపు తీసుకుని రావడం, తర్వాత సామాన్లు సర్దడం, ఆ తర్వాత పిల్లాడి పెంపకం గురించి నిలదీయడం. ఒకరోజు ఆఫీస్ మీటింగ్‌లో ఉండి వెనక్కి చూస్తే, నా కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. ఆ రాత్రి ఏడుపొచ్చింది. ఒక్కమాట అనలేకపోయానే అని నామీద నాకే కోపం.

1966లో ఫ్రీడ్‌మన్, ఫ్రేజర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం గురించి రాశారు. జాగ్రత్తగా వాహనం నడపమని చెప్పే పెద్ద బోర్డు, చూడటానికి ఏమాత్రం బాగోనిది, మీ ఇంటి ముందు పెట్టుకుంటారా అని కాలిఫోర్నియాలో కొందరిని అడిగారు. ఊరికే వెళ్లి అడిగితే ఒప్పుకున్నవాళ్లు 20 శాతం లోపే. రెండు వారాల ముందు అదే విషయం మీద ఒక చిన్న బోర్డు పెట్టుకోమని అడిగిన ఇళ్లలో మాత్రం 76 శాతం ఒప్పుకున్నారు. ఇది చదివినప్పుడు నాకు మా తాళంచెవే గుర్తొచ్చింది. ఆంటీ ఏ దురుద్దేశంతోనూ రాలేదు. ప్రతిసారీ ముందటిదానికన్నా కొంచెమే ముందుకొచ్చారు, ఎక్కడ ఆగాలో మేం చెప్పలేదు.

చివరికి అడిగాను: "ఆంటీ, మా తాళంచెవి ఇచ్చేస్తారా? ఇకనుంచి మా దగ్గరే ఉంచుకుంటాం." ఎందుకమ్మా అన్నారు. "ఇంట్లో అలా అనుకున్నామండీ" అన్నాను, ఇంకేం చెప్పలేదు. తాళం మార్చేస్తున్నాం అని అబద్ధమాడదామని ముందు అనుకున్న మాట నిజం. అలా అని ఉంటే కొత్త తాళానిది అడిగేవారు. కారణాలు చెప్పేకొద్దీ అవతలివాళ్లు ఒక్కొక్కదానికీ పరిష్కారం చూపిస్తారు. పనుందంటే "ఐదు నిమిషాలే" అంటారు, ఒంట్లో బాగాలేదంటే "నేనొచ్చి చూసుకుంటా" అంటారు. మర్యాదగా, పొట్టిగా, ప్రతిసారీ అదే మాట చెప్పండి. గుమ్మంలోనే నిలబడి మాట్లాడండి. నేను "ఇప్పుడు కుదరదు ఆంటీ, ఆదివారం సాయంత్రం నేనే వస్తాను" అనేదాకా వచ్చాను. ఆదివారం తప్పకుండా వెళ్లాను. వెళ్లాక తెలిసింది, ఆవిడ రోజంతా ఒంటరిగా ఉంటున్నారని. రెండు వారాలు ముభావంగా ఉన్నారు, తర్వాత సర్దుకున్నారు.

పిన్ని సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి. బాబాయి పోయాక రోజూ రాత్రి ఫోన్, గంటన్నర తక్కువ ఉండేది కాదు. మధ్యమధ్యలో డబ్బు. లేదనేవాళ్లం, మళ్లీ చేసేది, మళ్లీ లేదనేవాళ్లం. ఐదోసారి ఏడ్చేది, పంపేసేవాళ్లం. ఫోన్ మోగితేనే టెన్షన్.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే శాస్త్రవేత్త ప్రయోగాల్లో ఒక సంగతి తేలింది. మీట నొక్కిన ప్రతిసారీ తిండి దొరికిన జంతువు, అది ఆగిపోతే త్వరగానే మానేస్తుంది. ఎప్పుడు దొరుకుతుందో తెలియకుండా అప్పుడప్పుడు దొరికితే, ఆగిపోయాక కూడా చాలాకాలం నొక్కుతూనే ఉంటుంది. మా పిన్నిని తక్కువ చేయడానికి ఇది చెప్పడం లేదు. ఐదుసార్లు అడగాలని ఆవిడకి నేర్పింది నేనే. నాలుగుసార్లు గట్టిగా ఉండి ఐదోసారి కరిగిపోవడం, మొదటే సరేననడం కన్నా ఎక్కువ నష్టం చేసింది.

అందుకని ముందు ఇంట్లో ఇద్దరం కూర్చుని, మనసు కష్టపెట్టుకోకుండా నెలకి ఎంత ఇవ్వగలమో లెక్క వేసుకున్నాం. తర్వాత పిన్ని అడగకముందే నేనే ఫోన్ చేశాను. "పిన్నీ, ప్రతి నెలా ఒకటో తారీఖున ఇంత పంపుతాను, తిరిగివ్వక్కర్లేదు. మధ్యలో అడిగితే మాత్రం ఇవ్వలేను. బుధవారం, ఆదివారం అరగంట నేనే ఫోన్ చేస్తాను." అప్పుగా ఇవ్వడం పూర్తిగా మానేశాను. వసూలు కాని అప్పు వల్ల మనుషుల మధ్య మాటలే పోతాయి.

మొదటి రెండు నెలలు నరకం. ఫోన్లు తగ్గకపోగా రెట్టింపయ్యాయి. పాత దారి మూసుకుపోయినప్పుడు ఒక్కోసారి అలాగే జరుగుతుంది, ముందే తెలిస్తే మీరు బెదిరిపోరు. "నువ్వు మారిపోయావు" అని చుట్టాలు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్లతో వాదించలేదు. "నేను చేయగలిగింది చేస్తున్నాను, మీరు కూడా ఏదైనా ఒకటి చూసుకుంటారా?" అని అడిగాను. చాలామంది మళ్లీ ఫోన్ చేయలేదు. ఒక వదిన మాత్రం హాస్పిటల్‌కి తీసుకెళ్లే పని తనమీద వేసుకుంది.

ఒక జాగ్రత్త చెప్పాలి. ఎవరైనా "చచ్చిపోతాను" అంటే అది బెదిరింపేలే అని తీసిపారేయకండి. వెంటనే వాళ్లకి దగ్గర్లో ఉన్నవాళ్లని పంపండి, అత్యవసర సేవలకి ఫోన్ చేయండి, డాక్టర్ దగ్గరికి చేర్చండి. ఆ సాయం చేస్తూనే డబ్బు విషయంలో మీ మాట మీద మీరు ఉండొచ్చు.

మీరైతే ముందు పక్కింటి తలుపుతో మొదలుపెట్టండి. ఈ వారంలో ఒక్కసారి గుమ్మం దగ్గరే మాట్లాడి పంపించి చూడండి. బంధువు సంగతి మాత్రం మీ ఇంట్లోవాళ్లు కూడా ఒప్పుకున్నాకే కదిపితే మంచిది. మీరు లేదన్నరోజే మీవాళ్లు చాటుగా పంపిస్తే, మా పిన్నితో మేం చేసిన తప్పే మళ్లీ జరుగుతుంది.