శనగలో పచ్చపురుగు: బీటీ కొట్టినా చావడం లేదు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం. శనగ పూత, పిందె మీద ఉంది. పచ్చపురుగు కనబడితే మొన్న మధ్యాహ్నం బీటీ (బ్యాక్టీరియాతో చేసిన పురుగుమందు) పొడి కొట్టాం. ఇవాళ్టికీ పురుగులు కదులుతూనే ఉన్నాయి. మందు నకిలీదని, పురుగు అరుగుదలను దెబ్బతీసే కొత్త ఎంజైమ్ మందుతో ఇంకో రెండు కలిపి కొట్టమని షాపతను చెబుతున్నాడు. కొట్టమంటారా?

- ఒక రైతు

జవాబు: వద్దండీ. పురుగు కదులుతోందంటే మందు నకిలీదని కాదు. బీటీ ఒంటికి తగిలితే పనిచేయదు, పురుగు తినాలి. ఆ పొడిలోని ప్రోటీన్ స్ఫటికాలు పురుగు పేగులోని క్షార రసంలో కరుగుతాయి. ఆకును అరిగించే దాని సొంత ఎంజైములే అప్పుడు వాటిని విషంగా మారుస్తాయి. పేగు గోడకు చిల్లులు పడతాయి. కొన్ని గంటల్లోనే మేత మానేస్తుంది గానీ, చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది.

రేపు పొద్దున్నే సాళ్ళలోకి వెళ్ళి చూడండి. కాయలకు కొత్త రంధ్రాలు, తడిగా ఉన్న తాజా పెంటికలు లేకపోతే మందు పట్టినట్టే. ఉంటే మళ్ళీ కొట్టాలి. మీరు చేసిన తప్పు మధ్యాహ్నం కొట్టడం. ఎండకు బీటీ త్వరగా పాడవుతుంది. ఎకరాకు 400 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలిపి, సాయంత్రం 4 గంటల తర్వాత, ఆకులూ కాయలూ తడిసేలా కొట్టండి. బోరు నీళ్ళు క్షారంగా ఉంటే చెరువు నీళ్ళు వాడండి, లేదంటే ట్యాంకులోనే స్ఫటికం కరుగుతుంది. కలిపిన మందు మర్నాటికి ఉంచకండి. చేను పక్కన మల్బరీ తోట ఉంటే మాత్రం బీటీ జోలికి పోవద్దు, పట్టుపురుగులూ చస్తాయి.

సెంటీమీటరు లోపు పురుగులకే ఇది బాగా పనిచేస్తుంది. అంతకంటే పెద్దవి ఎక్కువగా ఉంటే ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. అనే రసాయన మందు ఎకరాకు 88 గ్రాములు, అదొక్కటే కొట్టండి. మూడు మందుల కాక్‌టెయిల్ కొడితే పురుగు కన్నా ముందు దాన్ని తినే మిత్రపురుగులు పోతాయి, ఆ తర్వాత ప్రతి వారం మీరు షాపుకే వెళ్ళాలి. ‘ఎంజైమ్’ అని డబ్బా మీద ఉంటే సరిపోదు, శనగకు సిఫారసు లేబుల్ మీద చూపించమనండి. చూపించలేకపోతే కొనకండి.

మగ రెక్కల పురుగులను పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు 4, పురుగులను తినే పక్షులు వాలేందుకు పక్షి స్థావరాలు 20 పెట్టండి. బీటీ ఖాళీ ప్యాకెట్టు పారేయకుండా బిల్లుతో పాటు రైతు సేవా కేంద్రానికి తీసుకెళ్ళండి, బ్యాచ్ నంబరు, గడువు తేదీ అక్కడ చూపించవచ్చు.