గడియ సంగతి మర్చిపోకు

అమ్మలూ,

మణిపూర్ సహాయ శిబిరాల్లో మూడు నెలలు నర్సుగా చేస్తానని నువ్వు చెప్పిన రోజు నుంచి మీ అమ్మకు నిద్ర లేదు. బెజవాడ నుంచి పొద్దున్నే మూడుసార్లు ఫోన్ చేసింది. నీ గురించి నాకు టెన్షన్ లేదు. అక్కడి గొడవల్లో అత్యాచారానికి గురై నీ ఎదురుగా వచ్చి కూర్చునే ఆడవాళ్ల గురించే ఆలోచిస్తున్నాను. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని కాగితం మీద పెడుతున్నా.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, పల్నాడు వైపు ఒక ఊళ్లో కక్షలు రేగి ఇళ్లు తగలబెట్టినప్పుడు, ఒకామెను గుంటూరులో మా ఆసుపత్రికి తెచ్చారు. వరండాలో మంచం వేశారు. పక్కనే కానిస్టేబుల్, అత్తగారు, ఊరి పెద్దమనిషి ఒకాయన. నేను కేస్ షీట్ పట్టుకుని "ఏం జరిగింది? ఎంతమంది?" అని గబగబా అడిగేశాను. ఆమె మంచం కమ్మీని గట్టిగా పట్టుకుంది. వేళ్ల కణుపులు తెల్లబడ్డాయి. నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఐదో రోజు మా ఆయా ఆమెను డ్రెస్సింగ్ గదిలోకి తీసుకెళ్లి, "తలుపు వెయ్యనా అమ్మా, తీసి ఉంచనా?" అని అడిగింది. "గడియ పెట్టు" అంది. నేను ఆమె గొంతు వినడం అదే మొదలు. ఇంకో గంటకి అంతా చెప్పింది. అప్పటికి సాక్ష్యం కోసం ఒంటి మీద నమూనా (స్వాబ్) తీసే గడువు దాటిపోయింది. ఆ ఆలస్యం నాదే.

ఆమెను ఎవరూ ఏదీ "నీకు సరేనా" అని అడగలేదమ్మా. ఊళ్లో వాళ్లూ అడగలేదు, ఆసుపత్రిలో మేమూ అడగలేదు. అందుకని నువ్వు ప్రతిదీ అడుగు. ఇక్కడ కూర్చుంటావా, ఎవరైనా తోడు ఉండాలా, చెయ్యి పట్టుకోనా అని. వద్దంటే ఆగిపో. మధ్యలో వద్దన్నా ఆగిపో. దుబాసీగా అత్తగారినో, శిబిరం పెద్దనో పెట్టకు. అక్కడి గొడవలు మైతేయిలకూ కుకీలకూ మధ్య కాబట్టి, నీ దగ్గరికి వచ్చినామె ఏ పక్షం మనిషో, దుబాసీ ఏ పక్షమో ముందే కనుక్కో. మైతేయి ఆమె ముందు కుకీ ఆమె, కుకీ ఆమె ముందు మైతేయి ఆమె అంత తేలిగ్గా మనసు విప్పలేరు.

మందుల గడువులు నీకు తెలిసినవే, అయినా చెప్తాను. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా ఇచ్చే మాత్ర 5 రోజుల వరకు పనికొస్తుంది. శిబిరంలో చాలామంది నెలలు గడిచాకే వస్తారు. "ఇన్నాళ్లూ ఏం చేశావు?" అన్న మాట నీ నోట రాకూడదు. గర్భం ఉండి వద్దనుకుంటే ఇలాంటి కేసుల్లో చట్టం 24 వారాల వరకు వీలిస్తుంది. ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటుదైనా సరే, ఉచితంగా వైద్యం చేసి తీరాలి. పోలీసులకు కబురు చేయడం ఆసుపత్రి బాధ్యత కాబట్టి ఆ సంగతి ఆమెకు ముందే చెప్పు, తర్వాత తెలిస్తే మోసపోయాననుకుంటుంది. కేసు వద్దంటే వద్దన్నదని రాసి సంతకం తీసుకో. వైద్యం మాత్రం ఆగకూడదు. కేసు పెడతానంటే సొంత ఊరి స్టేషన్‌కే వెళ్లక్కర్లేదు, ఎక్కడైనా జీరో ఎఫ్ఐఆర్ రాస్తారు. అత్యాచారం జరిగిందో లేదో తేల్చడానికంటూ చేసే రెండు వేళ్ల పరీక్ష ఎవరైనా చేయబోతే అడ్డుపడు. 2022లో సుప్రీంకోర్టు అది తప్పుడు ప్రవర్తన కిందికే వస్తుందని చెప్పేసింది.

రాత విషయంలో మాత్రం నీ దగ్గర పంతం ఉండాలి. 2007 ఆగస్టులో విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో, గ్రేహౌండ్స్ పోలీసులు తమపై అత్యాచారం చేశారని 11 మంది కోందు గిరిజన మహిళలు చెప్పారు. తీర్పు వచ్చింది 2023 ఏప్రిల్‌లో. దర్యాప్తు సరిగా జరగలేదంటూ కోర్టు నిందితులను వదిలేసింది, ఆ మహిళలకు పరిహారం ఇమ్మంది. అన్నేళ్లు తిరిగిన ఆ ఆడవాళ్లను తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. మొదటి రోజు నువ్వు రాసిన కాగితమే రేపు ఆమె తరఫున మాట్లాడాలి. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాయి. తేదీ, టైము, గాయం ఎక్కడ, ఎంత పొడవు అన్నీ ఉండాలి. గాయం లేకపోతే "గాయం కనిపించలేదు" అని రాసి ఊరుకో. జరగలేదని తేల్చడం మన పని కాదు. "చెడిపోయింది", "మానం పోయింది" లాంటి మాటలు నీ నోటా, నీ కాగితం మీదా కనిపించకూడదు. ఆమె మానం ఎక్కడికీ పోలేదు.

ఫోన్ బయటికి తీయకు. ఆ మణిపూర్‌లోనే 2023 మే 4న ఇద్దరు మహిళలను నగ్నంగా ఊరేగించిన ఘోరం, జూలై 19న వీడియో బయటికొచ్చాక గానీ దేశానికి పట్టలేదు. న్యాయం కోసం వాళ్లు తమ అవమానాన్ని ఊరందరి ఫోన్లలో చూడాల్సి వచ్చింది. మంచి ఉద్దేశంతో తీసిన ఫొటో అయినా అంతే.

తుపాకులు ఆగాక కూడా ఆడవాళ్ల మీద ఈ హింస ఆగదు. పని పోయి, ఇల్లు పోయి, రోజంతా టార్పాలిన్ కింద కూర్చున్న మగాడు సాయంత్రానికి పెళ్లాం మీద చెయ్యెత్తుతాడు. కాపాడటానికని పదిహేనేళ్ల పిల్లకు పెళ్లి చేసేస్తారు. 1971 యుద్ధం తర్వాత బంగ్లాదేశ్ ప్రభుత్వం అత్యాచారానికి గురైన మహిళలను వీరవనితలని గౌరవించింది, కానీ ఎంతోమందిని సొంతవాళ్లే గడప తొక్కనివ్వలేదు. అందుకే భర్తతో, అత్తతో విడిగా మాట్లాడాల్సి వస్తుంది, అది కూడా ఆమె సరేనంటేనే. మగపిల్లలు కూడా వస్తారు, సిగ్గుతో కడుపునొప్పి అంటారు. వాళ్లనూ ఓపిగ్గా విను.

వెళ్లిన రోజే, ఓపీ తెరవక ముందే, చీకటి పడ్డాక ఆడవాళ్ల మరుగుదొడ్ల దాకా ఒంటరిగా కాకుండా ఇంకొకరితో నడిచి చూడు. దారిలో లైటుందా? తలుపుకి లోపల గడియ ఉందా? చాలాచోట్ల గోనెపట్టా వేలాడదీసి వదిలేస్తారు. ఆడవాళ్లు భయపడి మధ్యాహ్నం నుంచే నీళ్లు తాగడం మానేస్తారు, నీకు మూత్రంలో మంట అని వచ్చేది వాళ్లే.

వన్‌టౌన్‌లో ఇనుప సామాన్ల కొట్టుకి వెళ్లి చిన్న గడియలు రెండు డజన్లు, మేకులు, స్క్రూలు, ఒక మంచి స్క్రూడ్రైవర్ కొనుక్కో. డబ్బులు నీ ఫోన్‌కి వేశాను. బరువని మీ అమ్మ తీసేస్తుందేమో, అడుగున చీరల కింద పెట్టుకో.

నీ పెద్దమ్మ,
బ్రాడీపేట, గుంటూరు