సేల్స్ ఆఫర్ మీద సంతకానికి ముందు ఇన్సెంటివ్ లెటర్ అడిగి చదవండి

బెంగళూరులో కార్పొరేట్ సేల్స్ ఆఫర్ వచ్చింది, సీటీసీ (కంపెనీ మీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) 12 లక్షలు, ఫిక్స్‌డ్-వేరియబుల్ 70:30, చేరవచ్చా అని అడిగారు. చేరవచ్చు. కాకపోతే ఆ 30 శాతం వేరియబుల్ ఏ లెక్కన, ఎప్పుడు చేతికొస్తుందో రాసి ఉండే కాగితం, అంటే ఇన్సెంటివ్ లెటర్, చూశాకే ఒప్పుకోండి. ఈ ఉద్యోగంలో మంచీ చెడూ సగానికి పైగా ఆ కాగితంలోనే ఉంటాయి.

ముందు లెక్క చూడండి. ఫిక్స్‌డ్ 8.4 లక్షలు, అంటే నెలకు 70 వేలు. పీఎఫ్, గ్రాట్యుటీ కూడా అందులోనే కలిపి చూపిస్తే చేతికొచ్చేది ఇంకా తగ్గుతుంది. ఇంటద్దె, ఈఎంఐ దాని మీదే వేసుకోండి. వేరియబుల్ 3.6 లక్షలు, మూడు నెలలకోసారి ఇస్తే విడతకు 90 వేలు. దీనికి చాలాచోట్ల ఒక గేటు పెడతారు, అంటే టార్గెట్‌లో కనీసం ఇంత శాతం చేస్తేనే డబ్బు. గేటు 80 శాతం, క్వార్టర్ టార్గెట్ 50 లక్షలు అనుకుందాం. 40 లక్షలు చేసినవాళ్లకు ఎంతో కొంత వస్తుంది, 39 దగ్గర ఆగిపోయినవాళ్లకు సున్నా. టార్గెట్ దాటాక రేటు ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు చేసే ప్లాన్లూ ఉన్నాయి. పైన క్యాప్ (గరిష్ఠ పరిమితి) లేకపోతే ఏడాదిలో సంపాదన నిజంగా ఎగబాకుతుంది, ఇంక్రిమెంట్ కోసం ఎవరి దయా అక్కర్లేదు. సేల్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే.

తర్వాత అడగాల్సింది: ఇన్సెంటివ్ బుకింగ్ (ఆర్డర్ రావడం) మీదా, బిల్లింగ్ (ఇన్వాయిస్ వేయడం) మీదా, కలెక్షన్ (కస్టమర్ డబ్బు చెల్లించడం) మీదా? ఈ మూడింటికీ మధ్య నెలలు గడిచిపోతాయి. కస్టమర్ దగ్గర కొటేషన్ టెక్నికల్ వాళ్లు ఓకే చేయాలి, పర్చేజ్ వాళ్లు మూడు కొటేషన్లు పక్కపక్కన పెట్టి కంపారిటివ్ (పోలిక పట్టిక) వేయాలి, ఫైనాన్స్ సంతకం కావాలి, అప్పుడు పీవో (పర్చేజ్ ఆర్డర్). మీ కంపెనీకి అక్కడ వెండర్ కోడ్ (సరఫరాదారుగా నమోదైన నంబర్) లేకపోతే పాన్, జీఎస్టీ సర్టిఫికెట్, క్యాన్సిల్డ్ చెక్కు ఇచ్చి అది తెరిపించడానికే రెండు మూడు వారాలు పోవచ్చు. మార్చి 28న డిస్కౌంట్ ఒప్పించి వెండర్ కోడ్ దగ్గర ఇరుక్కుంటే ఆ డీల్ ఏప్రిల్‌లో పడుతుంది, కొత్త ఏడాది టార్గెట్‌లో కలిసిపోతుంది. కాబట్టి కొటేషన్ పంపిన రోజే వెండర్ ఫారం కూడా అడగండి. సరుకు చేరాక స్టోర్స్‌లో జీఆర్ఎన్ (సరుకు అందినట్టు రాసే నోటు) పడాలి. ఇన్వాయిస్ మీద పీవో నంబర్ ఒక్క అంకె తేడా ఉన్నా వెనక్కొస్తుంది. చాలాచోట్ల ఆ తర్వాతే 30, 45, 60 రోజుల క్రెడిట్ (చెల్లింపు గడువు) మొదలవుతుంది. కలెక్షన్ మీద ఇన్సెంటివ్ అంటే ఇంతా పూర్తయ్యాకే మీ డబ్బు.

ఒత్తిడి సంగతి అందరూ చెప్పేదే, క్వార్టర్ ఆఖరి రెండు వారాలు సెలవు దొరకదు. అసలు కష్టం ఏప్రిల్ 1న మీటరు మళ్లీ సున్నా కావడం. దానికి విరుగుడు పైప్‌లైన్, అంటే ఇంకా చర్చల్లో ఉన్న డీల్స్: టార్గెట్‌కు కనీసం మూడు రెట్లు చేతిలో ఉండాలి. పర్చేజ్ మేనేజర్ ఒక్కరినే నమ్ముకుని డీల్‌ను ఖాయం అనుకోకండి, వస్తువు వాడేది ఎవరు, బడ్జెట్ ఎవరిది అన్నది కనుక్కోండి.

టెరిటరీ (మీకు అప్పగించే ప్రాంతం) కూడా జీతంలో భాగమే. ఫ్యాక్టరీలుండే పీణ్య ఊరికి వాయవ్యాన, బొమ్మసంద్ర ఆగ్నేయాన. రెండింటికీ ఒకే రోజు అపాయింట్‌మెంట్ పెట్టుకుంటే రోడ్డు మీదే పొద్దు గూకుతుంది. పీణ్యకు మెట్రో గ్రీన్ లైన్, వైట్‌ఫీల్డ్‌కు పర్పుల్, 2025 ఆగస్టు నుంచి బొమ్మసంద్రకు యెల్లో లైన్ ఉన్నాయి. ఒక్కో రోజు ఒక్కో వైపు పెట్టుకోండి. ఐటీ కంపెనీల్లో ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. ఫ్యాక్టరీ స్టోర్స్‌లో, గేటు దగ్గర కన్నడ నాలుగు మాటలొస్తే పని కదులుతుంది. హోసూరు వైపు మన తెలుగు బాగానే చెల్లుతుంది.

ఇక హెచ్ఆర్‌ను అడగాల్సినవి. పోయినేడు టీమ్‌లో ఎంతమంది టార్గెట్ కొట్టారు? ఈ టెరిటరీలో ముందున్నవాళ్లు ఎందుకు వెళ్లారు? చేతికిచ్చే అకౌంట్లు (కస్టమర్ కంపెనీలు) ఎన్ని? డీల్ కుదరడానికి ఆరు నెలలు పట్టే ప్రోడక్ట్‌కు మొదటి నెల నుంచే పూర్తి టార్గెట్ వేస్తే తొలి రెండు క్వార్టర్లూ సున్నాలే. మొదటి మూడు నెలలైనా వేరియబుల్ గ్యారంటీగా ఇమ్మనండి, అదీ మెయిల్‌లో. చివరగా, చెల్లింపు రోజున రోల్స్‌లో (కంపెనీ ఉద్యోగుల జాబితాలో) ఉంటేనే ఇన్సెంటివ్ అనే షరతు ఉందేమో చూడండి. ఉంటే, ఎప్పుడైనా మానేయాల్సి వచ్చినా ఆ క్వార్టర్ డబ్బు మీ బ్యాంకు అకౌంట్లో పడ్డాకే రాజీనామా మెయిల్ పెట్టండి.