హైదరాబాద్ నుంచి వైజాగ్: విమానంలో ఎంతసేపు, కారులో ఎంతసేపు?

మోకాళ్ల నొప్పులున్న అమ్మని, నాలుగేళ్ల పాపని తీసుకుని హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లాలి, విమానానికీ కారుకీ ఎంత తేడా వస్తుందని అడిగారు. మాది వైజాగ్‌లో గాజువాక. ఉద్యోగం వల్ల కూకట్‌పల్లిలో ఉంటున్నాం. ఏడాదికి నాలుగైదు సార్లు వెళ్లొస్తాం కాబట్టి మా లెక్క చెప్తాను.

గాల్లో దూరం దాదాపు 500 కిలోమీటర్లు. విమానం గంటా పావులో దింపేస్తుంది. రోడ్డు మీద సుమారు 620 కిలోమీటర్లు. కానీ టికెట్ మీద కనిపించే గంటా పావు చూసి ప్లాన్ వేసుకోకండి. మాకు శంషాబాద్ చేరడానికే గంట పైన పడుతుంది. సామాను ఇచ్చే కౌంటర్ గంట ముందే మూసేస్తారు, అందుకని పెద్దవాళ్లుంటే రెండు గంటల ముందే అక్కడ ఉంటాం. దిగాక పెట్టెలు వచ్చేసరికి అరగంట. మొత్తం మీద మా గుమ్మం నుంచి గాజువాక గుమ్మానికి ఐదు గంటలు. నాన్నకి గుండెనొప్పి వచ్చిందని ఒకసారి తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ వచ్చింది. దొరికిన మొదటి ఫ్లైట్ ఎక్కినా ఆయన మంచం పక్కకి చేరేసరికి పది దాటింది. కారులో అయితే సాయంత్రం అయ్యేది.

కారుకి ఆగుతూ వెళ్తే 11 నుంచి 12 గంటలు వేసుకోండి. మీరూ మాలాగా కూకట్‌పల్లి, మియాపూర్ వైపు ఉంటే సిటీ మధ్యలోంచి ఎల్బీనగర్ వెళ్లొద్దు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే నేరుగా విజయవాడ హైవే మీదే ఉంటారు. నాలుగింటికి బయల్దేరితే విజయవాడలో టిఫిన్ చేయొచ్చు. అక్కడికి దాదాపు 275 కిలోమీటర్లు, ఇంకా సగం కూడా కాదు. ఏలూరు, రాజమండ్రి దాటాక అన్నవరంలో తప్పకుండా ఆగుతాం. ఆకులో కట్టిచ్చే ఆ ప్రసాదం తినకుండా మా పిల్లలు కదలరు.

సంక్రాంతికి మాత్రం కారు వద్దే వద్దు. ఒక ఏడాది భోగికి రెండు రోజుల ముందు సాయంత్రం బయల్దేరాం. చౌటుప్పల్ దాటడానికే మూడు గంటలు పట్టింది, ఇల్లు చేరేసరికి 17 గంటలు. అమ్మ కాళ్లు వాచిపోయాయి. పండక్కి ఫ్లైట్ రేట్లు కూడా బాగా పెరుగుతాయి, అందుకే ఇప్పుడు 60 రోజుల ముందు రిజర్వేషన్ తెరవగానే సికింద్రాబాద్ నుంచి వందే భారత్‌కి చేసేస్తాం. ఎనిమిదిన్నర గంటల ప్రయాణం, మధ్యలో లేచి నడవొచ్చు.

మామూలు రోజుల్లో అయితే మీ అమ్మగారికి విమానమే మంచిది. బుక్ చేసేటప్పుడే వీల్‌చైర్ కావాలని పెట్టండి, ఎయిర్‌పోర్టులో నడిచే దూరం తక్కువేం కాదు. మీరు వెళ్లేది వైజాగ్‌లో ఏ వైపో చెప్పలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గరున్న పాత ఎయిర్‌పోర్టులో దిగితే గాజువాక అరగంట లోపే. భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టులో దిగాల్సి వస్తే గాజువాక వాళ్లకి నేను చెప్పిన ఐదు గంటలకి ఇంకో గంటైనా కలపాలి, విజయనగరం వాళ్లకి మాత్రం అదే దగ్గర.