కల్లు మానిన మనిషికి నడక, తిండి, నిద్రతోనే మెదడు బాగుపడుతుందా?

బాగుపడటానికి అవి కావాలి, కానీ మొదటి వారం వాటి మీదే వదిలేయొద్దు. హైదరాబాద్‌లో కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ అనే మత్తు, నిద్ర మందులు కలుపుతుంటారు. ఒక్కసారిగా ఆపితే వణుకు, తికమక మాటలు, ఫిట్స్ కూడా రావచ్చు. 2020 లాక్‌డౌన్‌లో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి ఇలాంటివాళ్లే క్యూ కట్టారు. ముందు అక్కడ చూపించండి, మందులిచ్చి డోసు మెల్లగా తగ్గిస్తారు. వీధి క్లినిక్‌లో ఉత్త గ్లూకోజ్ ఎక్కించొద్దు. థయామిన్ (విటమిన్ బి1) లోపం ఉంటే మెదడుకే దెబ్బ.

వణుకు తగ్గాక రోజూ 30 నిమిషాలు చెమట పట్టేలా నడక, కల్లు కాంపౌండ్ (కల్లు దుకాణం) తగలని దారిలో. నిద్ర కుదుటపడటానికి నెలలు పట్టొచ్చు. అందుకని మెడికల్ షాపులో నిద్రమాత్ర అడిగి తెచ్చుకుంటే, చాలాసార్లు అది కల్లులో కలిపే మందే! సాయంత్రం కాంపౌండ్‌కి వెళ్లే టైముకి కడుపు ఖాళీగా ఉంచకండి. గుడ్డో, శనగ గుగ్గిళ్లో పెట్టండి.